స్టీలు హార్డ్‌టెయిల్‌కు సుఖమైన సీటుపోస్టు: లోహం కన్నా ముందు తేల్చుకోవలసినవి

వెనుక సస్పెన్షన్ లేని మౌంటెన్ బైకు, అంటే హార్డ్‌టెయిల్, మీద కూర్చుని తొక్కేవారికీ దారికీ మధ్య ముఖ్యంగా ఉండేవి నాలుగే: టైరు, ఫ్రేము, సీటుపోస్టు (సీటును మోసే గొట్టం), సీటు. ఫ్రేము స్టీలుదైతే దెబ్బలన్నీ అదే చూసుకుంటుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో స్టీలు హార్డ్‌టెయిల్ కొంటారు. ఉండవల్లి కరకట్ట మీదో, కొండపల్లి అడవి అంచు మట్టి బాటల్లోనో గంటసేపు తొక్కేసరికి నడుము పట్టేస్తుంది. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: టైటానియం సీటుపోస్టు వేయాలా, కార్బన్‌ది వేయాలా?

రెండిటికీ డబ్బు పెట్టకముందే ఒక సంగతి గ్రహించాలి. ఫ్రేము వెనుక భాగం త్రిభుజాకారంలో ఉంటుంది. త్రిభుజం నిలువునా నొక్కితే దాదాపు కదలదు, అది స్టీలైనా అల్యూమినియమైనా అంతే. స్టీలు బైకుల మెత్తదనానికి పేరు తెచ్చినవాటిలో సన్నని సీటుపోస్టుది పెద్ద పాత్ర. 28.6 మి.మీ. సీటు ట్యూబులో (పోస్టు దిగే ఫ్రేము గొట్టంలో) 27.2 మి.మీ. పోస్టు చాలాకాలం పాటు స్టీలు ఫ్రేములకు మామూలు కొలత. ఇప్పుడొస్తున్న హార్డ్‌టెయిళ్లలో చాలావాటికి, ఎత్తు మారే డ్రాపర్ పోస్టు పట్టాలని, 30.9 లేదా 31.6 మి.మీ. రంధ్రం ఇస్తున్నారు. కొత్త స్టీలు బైకు పాతదానికన్నా గట్టిగా తగులుతోందని ఎవరైనా అంటే, నేను మొదట అడిగేది పోస్టు లావు ఎంత అని.

ముందు టైరు గాలి

సీటుపోస్టు గురించిన వ్యాసంలో టైరు ఎందుకని అనుకోవద్దు. గతుకు తగిలినప్పుడు టైరు సెంటీమీటరు దాకా అణగగలదు. లోహపు సీటుపోస్టు వంగేది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. గాలి సరిచేయకుండా పోస్టు మార్చితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

పంచరు షాపు కంప్రెసర్‌తో నింపించుకుని, వేలితో నొక్కి చూసి బయలుదేరే అలవాటుంటే మానేయండి. గేజీ ఉన్న చేతిపంపు ఇంట్లో ఉండాలి. 70 కిలోల మనిషికి, లోపల ట్యూబు ఉన్న 2.2 అంగుళాల వెనుక టైరుకు 30 పీఎస్ఐ (గేజీ మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, ఒక్కోసారి రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ అదే దారిలో తొక్కి చూడండి. మలుపులో టైరు పక్కకు జారుతున్నట్టు అనిపించినా, రాయి తగిలినప్పుడు రిమ్ము ఠక్కున మోగినా, అక్కడ ఆగి రెండు పీఎస్ఐ పెంచండి. అంతకన్నా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. మన కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ల బెడద ఎలాగూ ఉంది కాబట్టి, వీలైతే ట్యూబులు తీసేసి సీలెంటు (చిల్లులు పూడ్చే ద్రవం) పోసిన ట్యూబులెస్‌కు మారడం రెండు విధాలా లాభం. ముళ్లకు భయపడక్కర్లేదు, గాలి ఇంకొంచెం తగ్గించవచ్చు.

చాలామందికి సమస్య ఇక్కడితోనే సగం తీరిపోతుంది. తీరకపోతే పోస్టు దగ్గరికి వద్దాం.

మీ పోస్టును కొలవండి

రెండు కొలతలు కావాలి. మొదటిది లావు. పోస్టు బయటికి తీస్తే కింది కొసన చాలావాటి మీద అంకె చెక్కి ఉంటుంది. అరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో చూడాలి. టేపుతో కుదరదు, ఎందుకంటే 26.8కీ 27.2కీ తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. సైకిలు షాపులో వెర్నియర్ లేకపోతే ఆటోనగర్‌లో ఏ లేతు పనివారి దగ్గరైనా ఉంటుంది. పోస్టును రెండు మూడు చోట్ల కొలవండి. గీతలు పడి అరిగిన చోటు తక్కువ చూపిస్తుంది.

రెండోది, ఫ్రేము పైకి కనిపించే పొడవు. సీటు క్లాంపు (ఫ్రేము పైకొసన పోస్టును బిగించే పట్టీ) పై అంచు నుంచి సీటు అడుగున ఉండే కమ్మీల మధ్య వరకు టేపు పట్టండి. ఇది 15 సెం.మీ. ఉన్నవారికీ 25 సెం.మీ. ఉన్నవారికీ ఒకే సలహా పనికిరాదు.

ఎందుకు పనికిరాదో ఒక లెక్క చెబుతుంది. 27.2 మి.మీ. అల్యూమినియం పోస్టు, గోడ మందం 2.2 మి.మీ., ఫ్రేము పైన 20 సెం.మీ. పొడవు ఉందనుకుందాం. గతుకులో సీటు మీద 100 కిలోల బరువు పడింది. సీటు ట్యూబు నేలకు సుమారు 73 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి, బరువులో ఎక్కువ భాగం గొట్టం పొడవునా తిన్నగా కిందికి దిగిపోతుంది. పోస్టును వెనక్కి వంచేది దాదాపు 29 శాతం. ఆ బలానికి పోస్టు కొస సుమారు 0.8 మి.మీ. వంగుతుంది.

ఇప్పుడు ఒక్కొక్కటే మార్చి చూడండి. అదే లావు, అదే పొడవులో 1.2 మి.మీ. గోడ ఉన్న టైటానియం వేస్తే వంపు 0.9 మి.మీ. అవుతుంది. 1 మి.మీ. గోడ ఉన్న స్టీలు వేస్తే 0.55కు పడిపోతుంది. అల్యూమినియంలోనే ఉండి లావును 31.6 మి.మీ. చేస్తే వంపు 0.5 మాత్రమే. లావు మార్చకుండా పొడవును 25 సెం.మీ. చేస్తే 1.6 అవుతుంది, 15 సెం.మీ.కు తగ్గిస్తే 0.35కు దిగుతుంది. పొడవు ప్రభావం ఘనంలో పెరుగుతుంది, అంటే పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. లావు ప్రభావం కూడా, గోడ మందం అంతే ఉంచితే, దాదాపు ఘనంలోనే, కాకపోతే అది వంపును తగ్గిస్తుంది. లోహం పేరు మార్చడం వల్ల వచ్చే తేడా వీటి ముందు చిన్నది.

ఇవి ఆదర్శ గొట్టానికి వేసిన అంకెలు. నిజం పోస్టులో సీటు కాస్త వెనకగా కూర్చోవడం వల్లా, ఫ్రేము లోపలి భాగం కూడా కొంచెం కదలడం వల్లా వంపు ఇంకొంత ఎక్కువే ఉంటుంది. కానీ ఏది ఎక్కువ పని చేస్తుందో చెప్పే వరస మాత్రం మారదు.

లావును తగ్గించే దారి

రంధ్రం 27.2 అయితే ఈ భాగం మీకు అక్కర్లేదు. 30.9 లేదా 31.6 అయి, డ్రాపర్ వాడకపోతే, షిమ్ పెట్టి 27.2 పోస్టు వేసుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి బేరం. షిమ్ అంటే పలుచని అల్యూమినియం గొట్టం, ఒక పక్క నిలువునా చీలిక ఉంటుంది. పెద్ద రంధ్రానికీ సన్న పోస్టుకూ మధ్య ఇది కూర్చుంటుంది.

షిమ్ పొడవు కనీసం 8 నుంచి 10 సెం.మీ. ఉన్నది తీసుకోండి. పొట్టిది పోస్టును పై అంచు దగ్గర మాత్రమే పట్టి, అక్కడ నొక్కు పెడుతుంది. షిమ్ చీలికను ఫ్రేము చీలికతో ఒకే వరసలో పెట్టాలి, లేకపోతే క్లాంపు ఎంత బిగించినా పోస్టు కిందికి జారుతూనే ఉంటుంది. మీకు కావలసిన కొలత బజారులో దొరక్కపోతే లేతు మీద తిప్పించుకోవచ్చు. అయితే పనివారికి పోస్టునూ ఫ్రేమునూ రెండింటినీ ఇవ్వండి, నోటిమాటగా అంకెలు చెప్పవద్దు. షిమ్ చేత్తో తోస్తే దిగాలి, వదిలితే దానంతట అది జారకూడదు.

దిగుడు ఎక్కువున్న దారుల్లో తొక్కేవారు డ్రాపర్‌ను వదులుకోకూడదు. దిగేటప్పుడు సీటు కిందికి పోవడం సుఖం కన్నా ముందుగా భద్రతకు సంబంధించినది. పైగా దిగేటప్పుడు ఎలాగూ పెడళ్ల మీద నిలబడతారు కాబట్టి పోస్టు మెత్తదనానికి అక్కడ పని లేదు. సీటుపోస్టు గురించి ఇంత ఆలోచించవలసింది కూర్చుని ఎక్కువసేపు తొక్కేవారు: బందరు కాలువ గట్టు మీద పొద్దున్నే బయలుదేరేవారు, మంగళగిరి మీదుగా గుంటూరు దాకా వెళ్లి వచ్చేవారు, కొండవీడు ఘాట్ రోడ్డు నిదానంగా ఎక్కేవారు.

ఇప్పుడు లోహం

అల్యూమినియం. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, విరిగే ముందు తరచుగా పగులు కనిపిస్తుంది. దీని స్థితిస్థాపక గుణకం (లోహం వంగకుండా ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే అంకె) సుమారు 70 గిగాపాస్కల్, అంటే స్టీలులో మూడో వంతు. ఆ లెక్కన బాగా వంగాలి. కానీ అల్యూమినియానికి అలసట హద్దు లేదు. చిన్న బలమైనా లెక్కలేనన్నిసార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. అందుకే తయారీదారులు గోడను మందంగా చేస్తారు, వంగే గుణం అక్కడ పోతుంది. అయినా 27.2 మి.మీ. మంచి అల్యూమినియం పోస్టును తీసిపారేయవద్దు. మొదటిసారి మార్చేవారికి నేను సూచించేది అదే.

స్టీలు. గుణకం సుమారు 200 గిగాపాస్కల్. గోడ పలుచగా ఉన్నా గట్టిగానే ఉంటుంది. పైగా బరువు, చెమటకు తుప్పు. స్టీలు ఫ్రేముకు స్టీలు పోస్టు ముచ్చటగా ఉంటుందని వేసుకునేవారున్నారు. చూపుకు సరే. నడుముకు మాత్రం దానివల్ల ఒరిగేది లేదు.

టైటానియం. తుప్పు పట్టదు, ఏళ్ల తరబడి అలసిపోకుండా వంగుతుంది, బరువు స్టీలులో సగానికి కాస్త ఎక్కువ. గుణకం 105 గిగాపాస్కల్ దగ్గర ఉంటుంది. మీ పోస్టు పొడవు ఫ్రేము పైన 20 సెం.మీ. దాటితే, గోడ పలుచగా ఉన్న టైటానియం వేస్తే కాస్త తేడా తెలియవచ్చు. 15 సెం.మీ. కన్నా తక్కువ ఉంటే, లేదా రంధ్రం నిండా 31.6 లావుదే వేస్తే, ఆ డబ్బు నేలపాలే. ధర అల్యూమినియానికి ఎన్నో రెట్లు. కొనేముందు గోడ మందం అడగండి. అడిగినా చెప్పని చోట కొనకండి.

కార్బన్. దీనికి ఒకే గుణకం అంటూ లేదు. పోగులను ఏ దిశలో, ఎన్ని పొరలు పరిచారన్న దాన్ని బట్టి ఇనుప కడ్డీలా గట్టిగానూ చేయవచ్చు, వెనక్కి వంగేలానూ చేయవచ్చు. కాబట్టి ‘కార్బన్ అయితే మెత్తగా ఉంటుంది’ అన్నది సగం నిజం. బరువు తగ్గించడానికి చేసిన కార్బన్ పోస్టు అల్యూమినియంకన్నా గట్టిగా తగలవచ్చు. వంగడానికే చేసినవి వేరే ఉన్నాయి. కొన్నిటిని నిలువునా రెండు పలకలుగా చీల్చి, బండి కింది కమాను పట్టీలలా పని చేసేలా తయారు చేస్తారు. కానియన్, ఎర్గాన్ కంపెనీలవి ఈ తరహావే. ఇవి లోహపు పోస్టుకన్నా కొట్టొచ్చినట్టు కదులుతాయి. అయితే ఇలాంటివి సాధారణంగా 27.2 లోనే వస్తాయి, బరువు పరిమితి ఉంటుంది, కొన్నిటిని రాళ్లబాటలకు వాడవద్దని తయారీదారే రాస్తాడు. ఆ కాగితం చదవకుండా కొనవద్దు.

కార్బన్ ఇచ్చే మరో లాభం సన్నని అదురును తగ్గించడం. సిమెంటు రోడ్డు గరుకు, పాత తారు మీద చక్రాల జుమ్ము, ఇవి కొంత తగ్గవచ్చు. కానీ సిమెంటు పలకల అతుకుల దగ్గర తగిలే దెబ్బ, ఎండిన నల్లరేగడిలో ట్రాక్టరు చాళ్లు పెట్టే కుదుపు వేరే రకం. వాన వెలిశాక గుంటూరు వైపు పొలాల బాటల్లో పడిన ఆ చాళ్లు వేసవికి రాయిలా గట్టిపడతాయి. అలాంటిచోట కార్బన్ గొప్పదనం పెద్దగా అందదు, టైరే ఆదుకోవాలి.

పేరూ ఊరూ లేని చవక కార్బన్ పోస్టులు ఆన్‌లైన్‌లో బోలెడు. వాటిని కొనవద్దని ఖచ్చితంగా చెబుతున్నాను. పోస్టు విరిగితే అది విరిగేది మీ తొడల మధ్యనే.

నడుముకు ఇప్పటికే నొప్పి ఉన్నవారు లోహాల చర్చ పక్కన పెట్టి నేరుగా సస్పెన్షన్ పోస్టు చూడండి. కేన్ క్రీక్ థడ్‌బస్టర్ రబ్బరు దిమ్మెతో, సన్‌టూర్ ఎన్‌సీఎక్స్ స్ప్రింగుతో పని చేస్తాయి. రెండూ నాలుగు కీళ్ల చట్రంలా కదిలి సీటును వెనక్కీ కిందికీ దించుతాయి. థడ్‌బస్టర్ పొట్టి రకానికే 50 మి.మీ. కదలిక ఉంది, పైన వేసిన లెక్కల్లోని 0.8తో పోల్చి చూసుకోండి. బరువెక్కుతుంది, కీళ్లకు అప్పుడప్పుడు గ్రీజు పెట్టాలి. రబ్బరు దిమ్మె వేడికి మెత్తబడుతుంది కాబట్టి, మన వేసవికి మీ బరువుకు చెప్పినదానికన్నా ఒక మెట్టు గట్టిది దగ్గర ఉంచుకోవడం మంచిది.

కొనే ముందు మరో రెండు

వెనక్కి వంగిన తల ఉన్న పోస్టు కొంచెం ఎక్కువ కదులుతుంది, నిజమే. కానీ దానితో సీటు 20, 25 మి.మీ. వెనక్కి పోతుంది, మోకాలికీ పెడలుకూ ఉన్న వరస మారిపోతుంది. నడుము కోసం మోకాలిని పాడుచేసుకోవద్దు. ఇప్పుడున్న తలే ఎంచుకోండి.

సీటు కమ్మీలు గుండ్రంగా 7 మి.మీ. ఉన్నాయో, కార్బన్ సీటు కాబట్టి కోడిగుడ్డు ఆకారంలో 7కు 9 మి.మీ. ఉన్నాయో చూడండి. గుండ్రటి పట్టు ఉన్న క్లాంపులో కోలగా ఉన్న కమ్మీని బిగిస్తే అది పగులుతుంది.

బిగించడం

పాత పోస్టు తీసేముందు, పెడళ్ల చేతులు ఫ్రేములో తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు కొలిచి రాసుకోండి. సీటు ముక్కు నుంచి హ్యాండిల్ వరకూ అంతే. కొత్త పోస్టు వేశాక ఇదే ఎత్తు, ఇదే దూరం తిరిగి రావాలి. లేకపోతే మీకు తెలిసే తేడా పోస్టుదా, కూర్చునే భంగిమదా చెప్పలేరు.

పోస్టు తీశాక ఫ్రేము లోపలికి టార్చి వేయండి. పాత అల్యూమినియం పోస్టు ఎక్కువకాలం కదలకుండా ఉండి ఉంటే, గొట్టం గోడకు తెల్లని సున్నం లాంటి పొడి అంటుకుని, దాని మధ్య అక్కడక్కడా ఎర్రటి తుప్పు మచ్చలు కనిపిస్తాయి. స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలోకి వాననీరూ చెమటా చేరితే జరిగే పని ఇది. కర్రకు గుడ్డ చుట్టి శుభ్రంగా తుడవండి. చీలిక అంచులు వేలికి గుచ్చుకుంటే సన్న ఎమరీ కాగితంతో రుద్దండి, ముఖ్యంగా కార్బన్ వేయబోతుంటే.

అల్యూమినియానికి మామూలు గ్రీజు పలుచగా, టైటానియానికి పట్టేయకుండా ఆపే యాంటీసీజ్ గ్రీజు రాయాలి. కార్బన్‌కు మాత్రం గ్రీజు వద్దు. సన్న ఇసుకలాంటి రేణువులున్న కార్బన్ పేస్టు రాయండి. అది తక్కువ బిగింపుతోనే పోస్టు జారకుండా పట్టుకుంటుంది.

లోపలికి ఎంత దిగాలన్న దానికి పోస్టు మీద గీత ఉంటుంది. ఆ గీత ఒక్కటే చాలదు. పోస్టు కింది కొస, అడ్డ గొట్టం సీటు ట్యూబుకు కలిసే అతుకు కింది అంచును దాటి మరో రెండు మూడు సెం.మీ. లోపల ఉండాలి. గీత కన్నా ఇది ఎక్కువ కోరితే దీన్నే పాటించండి. మెత్తదనం కోసం పోస్టును పైకి లాగి ఫ్రేము అతుకు దగ్గర పగుల్చుకున్న బైకులు ఉన్నాయి.

టార్క్ రెంచి (బిగింపు బలాన్ని అంకెల్లో చూపే పానా) లేకుండా కార్బన్ బిగించవద్దు. సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది. క్లాంపు మీద ఒక అంకె, పోస్టు మీద మరో అంకె ఉంటే చిన్నదాన్ని తీసుకోండి. జారితే పేస్టు మళ్లీ రాయండి, బలం పెంచవద్దు.

తేడా తెలుసుకోవడం

కిలోమీటరు పొడవున్న ఒకే ముక్కను ఎంచుకోండి. గతుకులున్నా రద్దీ లేనిది కావాలి. కరకట్ట మీదైతే పొద్దున్నే దొరుకుతుంది. అదే గేరు, అదే వేగం, అదే గాలి. పాత పోస్టుతో ఒకసారి, వెంటనే కొత్తదానితో ఒకసారి, మళ్లీ పాతదానితో ఇంకొకసారి. మూడోసారే అసలు సంగతి బయటపడుతుంది, ఎందుకంటే కొత్తది వేశామన్న సంబరం అప్పటికి సద్దుమణుగుతుంది. ఏ మార్పూ తెలియకపోతే డబ్బు వెనక్కి తీసుకునే వీలుండగానే పోస్టు వాపసు చేయండి.

తర్వాతి సంరక్షణ

బిగించగానే పోస్టు మీద క్లాంపు దగ్గర సన్న టేపు అంటించి, రెండు మూడు సవారీల తర్వాత పోస్టు జారిందేమో చూడండి. వానాకాలంలో నెలకోసారి, మిగిలినప్పుడు రెండు మూడు నెలలకోసారి పోస్టు పూర్తిగా బయటికి తీసి తుడిచి, మళ్లీ గ్రీజో పేస్టో రాసి పెట్టాలి. వానలో తొక్కి వచ్చిన రోజు పోస్టు తీసి బైకును తలకిందులుగా నిలబెడితే ఎంత నీరు కారుతుందో మీరే చూస్తారు. స్టీలు ఫ్రేము లోపల రంగుల కొట్లో దొరికే మరిగించిన అవిసె నూనె పోసి, అన్ని గొట్టాల్లోకీ పాకేలా తిప్పి, రెండు రోజులు ఆరనిస్తే లోపల సన్నని పొర కడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి పడేయవద్దు, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి తర్వాత పారేయండి.

పోస్టు ఇప్పటికే పట్టేసి ఉంటే, క్లాంపు తీసి చీలికలో తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచండి. మర్నాడు సీటు పట్టుకుని కుడికీ ఎడమకూ తిప్పుతూ లాగండి. సుత్తి వాడవద్దు. అప్పటికీ రాకపోతే సీటు విప్పేసి, బైకును తలకిందులు చేసి, పోస్టు తలను పెద్ద వైసులో బిగించి, ఇద్దరు మనుషులు ఫ్రేమును రెండు కొసల దగ్గర పట్టి నిదానంగా తిప్పాలి. ఫ్రేము గొట్టాన్ని వైసులో పెట్టనివ్వకండి, అది పలుచని స్టీలు, వెంటనే నొక్కుకుపోతుంది.